కుండీ మార్చే ముందు వేరు చూడండి

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మొక్కల నర్సరీ నడుపుతున్న సంఘం సభ్యుల ప్రసంగ పాఠం)



వేదిక ఎక్కింది ఇద్దరమే అయినా ఈ మాటలు మా సంఘంలోని పది మందివీనండి. ఇందాక చదివిన నివేదికలో జీవనోపాధుల పద్దు కింద మా నర్సరీ లెక్క మీరు విన్నారు. మొదటి నాలుగు నెలలు నష్టం, ఆ తర్వాత కొద్ది కొద్దిగా లాభం. ఆ నష్టం ఎందుకొచ్చిందో, ఎలా తేరుకున్నారో సభ్యులందరికీ చెప్పండి అని అధ్యక్షురాలు గారు అడిగారు. కారణం వింటే ఇంతేనా అంటారు. మొక్కలకి కుండీలు మార్చడం. అంతే. కానీ ఆ చిన్న పనిని వేళ కాని వేళ, అవసరం చూడకుండా చేసి మేం 93 మొక్కలు పోగొట్టుకున్నాం. ఇంకొకటి కూడా పోగొట్టుకోబోయాం. అది కూడా చెబుతాం.

పోయినేడాది ఏప్రిల్లో మా గ్రామైక్య సంఘం నుంచి 50,000 రూపాయలు అప్పు తీసుకున్నాం. కడియం వెళ్లి 200 మొక్కలు తెచ్చాం. అరెకా పామ్, క్రోటన్, మనీప్లాంట్, మందారం, గులాబీ, స్నేక్ ప్లాంట్ ఇలా అన్నీ కలిపి. మొక్కలకి 18,000 అయింది. ఆటో కిరాయి, ఎర్రమట్టి, ఎరువు కలిపి 9,000. నీడకి పచ్చ నెట్ 6,500. మిగిలిన 16,500తో 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీలు 150 కొన్నాం.

ఎందుకంత పెద్ద కుండీలు అంటారేమో. మొక్క నల్ల కవర్లో ఉంటే 120కి అడుగుతారు, పెద్ద కుండీలో నిండుగా కనిపిస్తే 350 ఇస్తారు అని మా లెక్క. లెక్క కాగితం మీద బాగానే ఉంది. మే నెల మొదటి వారంలో పది మందిమీ కూర్చుని రెండు రోజుల్లో 150 మొక్కల్నీ కవర్లలోంచి పెద్ద కుండీల్లోకి మార్చేశాం. పాత మట్టి మంచిది కాదేమో అని కొన్నిటికి వేళ్ల మట్టంతా దులిపేశాం కూడా. కుండీలు చాలక 50 మొక్కలు కవర్లలోనే మిగిలిపోయాయి. వాటిని నెట్ కింద ఒక మూల పెట్టి వదిలేశాం.

పది రోజులకి ఆకులు వాలడం మొదలైంది. మా ఊళ్లో మే నెలంటే 40 డిగ్రీలు దాటిన ఎండ. దాహమేమో అనుకున్నాం. నీళ్లు పోసే వంతు ఒక చెల్లిది. నువ్వు సరిగ్గా పోయడం లేదు అన్నాం. తను రెండు పూటలా పోసింది. ఇంకా వాలాయి. మూడు పూటలా పోయమన్నాం. పోసింది. నెలాఖరుకి 93 మొక్కలు చచ్చాయి.

వాయిదా మాత్రం ఆగదు కదండీ. వడ్డీతో కలిపి నెలకి 2,500 రూపాయల పైచిలుకు. నర్సరీ నుంచి రూపాయి రాలేదు. తలా 260 రూపాయలు ఇంట్లోంచి తెచ్చి కట్టాం. కూలి డబ్బుల్లోంచి తెచ్చినవాళ్లున్నారు, పాల డబ్బుల్లోంచి తెచ్చినవాళ్లున్నారు. ఇంట్లో మగవాళ్ల చేత మాటపడినవాళ్లూ ఉన్నారు. ఆ కోపమంతా వారం వారం మీటింగులో ఆ చెల్లి మీద చూపించాం. తను రెండు మీటింగులకి వచ్చి, మూడో దానికి రాలేదు. పొదుపు డబ్బు పిల్లాడి చేత పంపింది. సంఘంలోంచి తన పేరు తీసేయమని కబురు కూడా పెట్టింది.

అప్పుడు మా సభ్యురాలొకామె అత్తగారు నర్సరీకి వచ్చారు. ఆవిడ కడియం వైపు నర్సరీల్లో చాలా ఏళ్లు కూలికి వెళ్లిన మనిషి. ఎండిపోయిన మొక్కలు చూసి, "పైన చూస్తే ఏం తెలుస్తుందర్రా, తిరగేసి చూడండి" అన్నారు. ఒక కుండీని పక్కకి వాల్చి నాలుగు దెబ్బలు తట్టి మట్టి మొత్తం కింద పడేశారు. పైన రెండు అంగుళాల మట్టి పొడిగా ఉంది. కింద మట్టి బురదలా తడిసి ఉంది. మధ్యలో మేం కవర్లోంచి తీసి పెట్టిన ముద్ద పెట్టినట్టే ఉంది. దాంట్లోంచి ఒక్క వేరు కూడా కొత్త మట్టిలోకి రాలేదు. ఉన్న వేళ్లు నల్లగా మెత్తబడి, చేత్తో పట్టుకుంటే తోలు ఊడొచ్చాయి. మురుగు వాసన. ఇంకో పది కుండీలు తిరగేశాం. అన్నీ అంతే.

నీళ్లు తక్కువై చావలేదండి, ఎక్కువై చచ్చాయి. వేరు కుళ్లిన మొక్క కూడా దాహంతో ఉన్న మొక్కలాగే తల వాలుస్తుంది. నీరు పీల్చే వేరు లేకపోయాక చుట్టూ నీళ్లున్నా ఆకుకి అందదు. పోయమన్నది మేం. చెప్పినట్టు పోసింది తను. తప్పు తన మీద వేశాం. ఆ రోజు సాయంత్రమే పది మందిలో తొమ్మిది మందిమి వాళ్లింటికి వెళ్లాం. తర్వాతి మీటింగులో "నష్టానికి కారణం కుండీలు మార్చిన వేళ, కుండీల సైజు. ఈ నిర్ణయం అందరిదీ" అని మినిట్స్ పుస్తకంలో రాసి అందరం సంతకాలు పెట్టాం. ఆ చెల్లే ఇప్పుడు కుండీ పట్టుకుని మీ ముందు నిలబడింది.

ఇక అసలు విషయానికొద్దాం. వేరుకి నీరు ఎంత కావాలో గాలీ అంతే కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. వేరు నీటిని తాగేకొద్దీ ఆ సందుల్లోకి గాలి వస్తుంది. చిన్న మొక్కని పెద్ద కుండీలో పెడితే చుట్టూ బోలెడు మట్టి, దాంట్లో వేరు లేదు. నీటిని తాగేవాళ్లు లేరు. పైపైన ఎండకి ఆరుతుంది, ఆరింది కదా అని మనం మళ్లీ పోస్తాం, అడుగు మాత్రం ఆరదు. గాలి అందక వేరు కుళ్లుతుంది. పైగా మేం మట్టి దులిపినప్పుడు సన్న వేళ్లు తెగిపోయాయి. నీరు పీల్చేవి ఆ సన్న వేళ్లే. మండుటెండలో ఆకు నీటిని వదులుతూ ఉంటే, తెగిన వేరు ఎక్కడి నుంచి అందిస్తుంది? మా తప్పులు రెండూ కలిశాయి.

అలాగని కుండీ మార్చకుండా వదిలేయడమూ కుదరదు. అది మిగిలిపోయిన ఆ 50 మొక్కలు నేర్పాయి. మే నెలలో వాటిలో నాలుగే పోయాయి. కానీ జూలై వచ్చేసరికి పొద్దున నీళ్లు పోస్తే మధ్యాహ్నానికి వాలిపోవడం మొదలైంది. ఈసారి మేం నీళ్లు పెంచలేదు. కవరు చింపి చూశాం. మట్టి కనపడలేదండి, అన్నీ వేళ్లే. కవరు ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుపోయి గట్టిగా ఉన్నాయి. నీళ్లు పోస్తే పక్కల నుంచి జారి కిందికి పోతున్నాయి తప్ప లోపలికి ఇంకడం లేదు. ఈ మొక్కలకి కుండీ మార్చాల్సిందే.

చూశారా, ఆ మొక్కలూ తల వాల్చాయి, ఈ మొక్కలూ తల వాల్చాయి. మందు మాత్రం వేరు వేరు. అందుకే ఇప్పుడు మా నర్సరీలో ఒకటే కట్టుబాటు. వేరు చూడకుండా ఎవరూ కుండీ మార్చకూడదు.

ఎలా చూడాలో ఇప్పుడు చూపిస్తాం. ఇది మనీప్లాంట్, ఆరు అంగుళాల కుండీ. ముందురోజు నీళ్లు పోసి ఉంచాం, మట్టి తడిగా ఉంటే ముద్ద విడిపోకుండా వస్తుంది. మొదలు దగ్గర కాడని రెండు వేళ్ల మధ్య పెట్టుకుని, అరచేయి మట్టి మీద ఆనించి, కుండీని తలకిందులు చేసి అంచుని ఇలా బల్లకి తట్టాలి. కాడ పట్టుకుని లాగకూడదు. ఇదిగో వచ్చేసింది. వెనక వరసలో వాళ్లకి కనపడేలా ఎత్తి పట్టుకో చెల్లీ. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. చుట్టూ రెండు మూడు వరసలు తిరిగాయి. మట్టి సగం కూడా కనపడటం లేదు. దీనికి మార్చాలి.

ఈ రెండోది స్నేక్ ప్లాంట్. చూడండి, మట్టి అంచులు రాలుతున్నాయి, వేళ్లు అక్కడక్కడే ఉన్నాయి. దీనికి ఇప్పుడు అవసరం లేదు. మళ్లీ అదే కుండీలో పెట్టేసి, సర్ది, కొంచెం నీళ్లు పోస్తే చాలు. చూసినందువల్ల మొక్కకి నష్టమేమీ లేదు.

కుండీ తిరగేయకుండానే తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. అడుగు కన్నంలోంచి వేళ్లు బయటికి రావడం. పోసిన నీరు నిలవకుండా గబుక్కున కిందికి పోవడం. ఇదివరకు రెండు రోజులకి ఆరే మట్టి ఒక్క పూటకే ఆరడం. మంచి కాలంలో కూడా కొత్త ఆకు చిన్నదిగా రావడం. ప్లాస్టిక్ కుండీ ఉబ్బడం, మట్టికుండీ పగలడం. మట్టి కుంగిపోయి కుండీ సగానికి దిగడం. వీటిలో రెండు మూడు కలిస్తే తిరగేసి చూడండి.

ఒక్క ఆకు పసుపు రంగుకి తిరిగితే మాత్రం కంగారు పడొద్దు. కింది ఆకులు ముదిరి రాలడం మామూలే. ఆకు అడుగున, కాడ సందుల్లో తెల్లటి పిండినల్లి ఉందేమో చూడండి. నీడ ఎక్కువైందేమో చూడండి. వీటికి కుండీ మార్చడం మందు కాదు.

ఇక ఎప్పుడు మార్చాలి? మన వైపు వానలు పడ్డాక, జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా మంచి కాలం. గాలిలో తడి ఉంటుంది, ఎండ తగ్గుతుంది, మొక్క ఎదిగే వేగంలో ఉంటుంది కాబట్టి వేరు త్వరగా పట్టుకుంటుంది. అది తప్పితే ఎండలు ముదరక ముందు, ఫిబ్రవరిలో. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. మొగ్గ మీద, పూత మీద ఉన్న మొక్కని కదపొద్దు. మల్లె, మందారం పూత తగ్గేదాకా ఆగండి. కొనుక్కొచ్చిన మొక్కని ఆ రోజే మార్చకండి. పది పదిహేను రోజులు మన నీడకి, మన నీళ్లకి అలవాటు పడనివ్వండి. మార్చేది సాయంత్రం పూట. వేరు కుళ్లిందని తెలిస్తే మాత్రం కాలం చూడక్కర్లేదు. వెంటనే తీసి, కుళ్లినదంతా శుభ్రమైన కత్తెరతో కోసి, మిగిలిన వేరుకి సరిపోయే చిన్న కుండీలో పొడి మట్టితో పెట్టాలి.

అన్ని మొక్కలకీ ఒకే లెక్క కాదు. మనీప్లాంట్, మందారం లాంటివి వేగంగా పెరుగుతాయి, ఏడాదికోసారి చూడాలి. కలబంద, స్నేక్ ప్లాంట్ కాస్త ఇరుగ్గా ఉన్నా బాగానే ఉంటాయి, రెండు మూడేళ్లకి చాలు.

ఎంత పెద్ద కుండీ? ఉన్నదానికంటే రెండు అంగుళాలు వెడల్పు. ఆరు నుంచి ఎనిమిది, ఎనిమిది నుంచి పది. ఆరు నుంచి పన్నెండుకి దూకొద్దు, మేం దూకి చూశాం. ఈ మాట చెబితే మా సంఘంలో ఒక పెద్దావిడ, "గేదె కొనడానికి అప్పు అడిగి, వస్తోంది కదా అని మూడు గేదెల అప్పు తీసుకున్నట్టు" అంది. అందరం నవ్వాం గానీ, ఆ తర్వాత మా సంఘం అప్పు అడిగేటప్పుడు కూడా ఆ మాట గుర్తు చేసుకుంటున్నాం.

కుండీకి అడుగున కన్నం తప్పకుండా ఉండాలి. కన్నం మీద ఒక పెంకు ముక్క, మట్టి జారకుండా. అడుగున రెండు మూడు అంగుళాలు రాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందని మేమూ అనుకునేవాళ్లం. అది నిజం కాదు. మట్టిలోని నీరు పూర్తిగా నిండితే గానీ రాళ్లలోకి దిగదు. రాళ్లు పోసినంత మేర వేరుకి చోటు తగ్గుతుంది, అంతే.

మట్టి సంగతి. మేం రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలుపుతాం. కుండీకి ఒక పిడికెడు వేప పిండి. కొబ్బరి పొట్టుని నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాలి, దాంట్లో ఉప్పు ఉంటుంది. పచ్చిపేడ వేయకూడదు, వేరు మాడిపోతుంది. ఒట్టి నల్లరేగడి కుండీకి పనికిరాదు, తడిస్తే ముద్దవుతుంది, ఆరితే బీటలు తీస్తుంది. కలబంద, స్నేక్ ప్లాంట్ లాంటివాటికి సగానికి సగం ఏటి ఇసుక కలపాలి. సముద్రపు ఇసుక వద్దు.

ఇప్పుడు ఈ మనీప్లాంట్ చూడండి. చుట్టుకున్న వేళ్లని వేళ్లతోనే మెల్లగా వదులు చేస్తున్నాం. మట్టంతా దులపడం లేదు. బాగా బిగిసిపోతే ముద్దకి పక్కల నాలుగు చోట్ల కత్తితో పైపైన గాటు పెట్టొచ్చు. లేకపోతే కొత్త కుండీలో కూడా వేరు గుండ్రంగానే తిరుగుతుంది. నల్లబడిన వేళ్లుంటే కోసేయాలి. కొత్త కుండీ అడుగున మట్టి పోసి, మొక్క ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే లోతులో నిలబెట్టాలి. కాడ పాతుకుపోకూడదు. పక్కల మట్టి పోసి వేళ్లతో సర్దాలి, కుక్కకూడదు. పైన ఒక అంగుళం ఖాళీ ఉంచాలి. అడుగు నుంచి నీరు వచ్చేదాకా ఒక్కసారి నిండుగా పోయాలి. ఆ తర్వాత వేలు పెట్టి చూసి, రెండో కణుపు దాకా ఆరితేనే మళ్లీ నీళ్లు. పది రోజులు నీడలో. నెల రోజుల దాకా ఎరువు వద్దు.

ఇంకా పెద్ద కుండీకి చోటు లేనివాళ్లు కూడా ఉంటారు. అప్పుడు మొక్కని తీసి, వేరు ముద్ద చుట్టూ ఒక అంగుళం మేర కోసి, కొమ్మల్నీ కొంచెం కత్తిరించి, కొత్త మట్టితో అదే కుండీలో పెట్టొచ్చు. కదపలేనంత పెద్దదైతే పైన రెండు అంగుళాల మట్టి తీసి కొత్తది వేయండి. నీళ్లు పోసి పోసి మట్టిలో సారం కొట్టుకుపోతుంది కాబట్టి ఇది ఏడాదికోసారి మంచిది.

పోయినేడాది జూలై, ఆగస్టుల్లో మిగిలిన 46 మొక్కలకీ ఇలాగే మార్చాం. ఒక్కటీ పోలేదు. పెద్ద కుండీల్లో బతికి ఉన్న 57తో కలిపి 103 మొక్కలు సంక్రాంతిలోపు అమ్మేశాం. ఖాళీ అయిన పెద్ద కుండీలు ఊరికే పెట్టుకోకుండా కరివేపాకు, నిమ్మ పెంచేవాళ్లకి అమ్మాం. ఆపైన కొత్త పని ఒకటి దొరికింది. మా దగ్గర కొన్నవాళ్లు, కొననివాళ్లు కూడా కుండీలు తెచ్చి చూడమనేవారు. ఇప్పుడు కుండీ మార్చి ఇస్తే 40 రూపాయలు, మట్టికి వేరే. వచ్చిన ప్రతి కుండీకీ మార్చం. తిరగేసి చూసి, అవసరం లేదంటే డబ్బు తీసుకోకుండా పంపేస్తాం. ఆ 40 రూపాయలు పోయినా మనిషి మళ్లీ వస్తుంది. సెప్టెంబరు నుంచి వాయిదా నర్సరీ డబ్బుతోనే కడుతున్నాం. 24 వాయిదాల్లో 13 అయ్యాయి.

అక్కలారా, మన ఇళ్లలో మొక్కలు పెద్ద నర్సరీ కుండీల్లో ఉండవు. పెయింటు డబ్బాలో కరివేపాకు, పగిలిన బకెట్లో మందారం, కోటలో తులసి. ఆ డబ్బాకి, బకెట్‌కి అడుగున కన్నం ఉందో లేదో ఈ రోజే చూడండి. లేకపోతే మేకు కాల్చి పెట్టండి. ఎన్ని నీళ్లు పోసినా ఎదగని మొక్క ఉంటే ఈ వారం ఒక సాయంత్రం తిరగేసి చూడండి. వానలు మొదలయ్యాయి, ఇదే సరైన సమయం. అనుమానం ఉంటే బుధవారం మా నర్సరీకి తీసుకురండి, కలిసి చూద్దాం.

సంఘాల్లో వ్యాపారం పెట్టుకున్నవాళ్లకి ఇంకొక్క మాట. నష్టం వచ్చినప్పుడు ఎవరి వంతు అని వెతక్కండి, ముందు కుండీ తిరగేసి చూడండి. మేం అది ఆలస్యంగా చేశాం.